మరుగుదొడ్డి కట్టాం, గుంత సంగతి మరిచాం

2019 అక్టోబర్ 2న అహ్మదాబాద్‌లో, సబర్మతి ఒడ్డున, గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడిందని ప్రధాని ప్రకటించారు. సరిగ్గా అయిదేళ్ల కిందట స్వచ్ఛ భారత్ మిషన్ మొదలైనప్పుడు పెట్టుకున్న గడువు అదే. గాంధీ 150వ జయంతి నాటికి పని పూర్తి కావాలన్నారు. ఆ అయిదేళ్లలో పల్లెల్లో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు లేచాయి. అదే సమయంలో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మాత్రం దేశంలో 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేల్చింది. పల్లెల్లో అది 26 శాతం.

ఈ రెండు లెక్కల చుట్టూ ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. ఒకరు ప్రపంచంలో ఎక్కడా జరగనిది సాధించామంటారు, ఇంకొకరు అంతా కాగితాల మీదేనంటారు. నా ఉద్దేశంలో ఇద్దరూ చూడాల్సిన చోట చూడటం లేదు. ఇద్దరూ గది దగ్గరే ఆగిపోయారు. తలుపు వెనక, బేసిన్ కింద, మట్టిలో ఉన్న గుంత దగ్గరికి ఎవరూ రాలేదు. ఈ పథకం నిలబడటమూ చెడటమూ ఆ గుంతను బట్టే ఉంటుంది.

ముందు జరిగిన మేలును జరిగినట్టు చెప్పుకుందాం. 2011 జనాభా లెక్కల నాటికి గ్రామీణ కుటుంబాల్లో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్నవి 30.7 శాతమే. అప్పటికి ప్రభుత్వాలు ఏమీ చేయక కాదు. 1986లో కేంద్ర గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమం వచ్చింది, 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ప్రచారం వచ్చింది, 2012లో దాన్నే నిర్మల్ భారత్ అభియాన్ అన్నారు. పేర్లు మారాయి, పని నత్తనడకన సాగింది. 2014 తర్వాత తేడా తెచ్చింది డబ్బూ, పై నుంచి వచ్చిన ఒత్తిడీ. పల్లెల్లో ఒక్కో ఇంటికి ఇచ్చే ప్రోత్సాహకాన్ని 12,000 రూపాయలకు పెంచారు. 2015 నవంబర్ నుంచి జీఎస్టీ వచ్చేదాకా సేవల మీద అర శాతం స్వచ్ఛ భారత్ సెస్సు కూడా వసూలు చేశారు. కలెక్టర్లు తమ జిల్లా లెక్కను రోజూ చూసుకునే పరిస్థితి వచ్చింది. 2017 మార్చిలో విజయనగరం జిల్లాలో వంద గంటల్లో పది వేల మరుగుదొడ్లు కట్టాలని పంతం పట్టి కట్టేశారు. 2015-16 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో మరుగుదొడ్డి వాడని కుటుంబాలు 39 శాతం. తర్వాతి సర్వేకి అది సగానికి పడిపోయింది. పొద్దు గుంకేదాకా కడుపు బిగబట్టుకుని, చీకట్లో తుప్పల చాటుకి భయపడుతూ వెళ్లిన ఆడవాళ్లకి ఈ మార్పు ఎంత పెద్దదో ఏ శాతమూ చెప్పలేదు. దీన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు.

మరి నూటికి నూరు అన్న ప్రకటనకీ సర్వే లెక్కకీ అంత తేడా ఎందుకొచ్చింది? మోసం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు గానీ, అసలు కారణం లెక్క కట్టిన పద్ధతిలో ఉంది. ప్రభుత్వం లెక్కకి ఆధారం 2012లో చేసిన బేస్‌లైన్ సర్వే జాబితా. ఆ జాబితాలో ఉన్న ఇంటికి మరుగుదొడ్డి కట్టి ఫొటో అప్‌లోడ్ చేస్తే ఆ ఇల్లు పూర్తయినట్టే. ఆ తర్వాత వేరుపడ్డ కాపురాలు, వలస నుంచి తిరిగొచ్చినవాళ్లు, అసలు జాబితాకే ఎక్కనివాళ్లు ఆ లెక్కలోకి రారు. ఇలా మిగిలిపోయినవాళ్ల కోసం తర్వాత విడిగా జాబితాలు రాయాల్సి వచ్చింది. ఇక సర్వే వాళ్లు అడిగే ప్రశ్నే వేరు. కట్టారా అని కాదు, మీ ఇంట్లోవాళ్లు ఎక్కడికి వెళ్తారు అని అడుగుతారు. 2018 చివరి ఆరు నెలల్లో జాతీయ నమూనా సర్వే అడిగితే గ్రామీణ కుటుంబాల్లో 71.3 శాతానికే మరుగుదొడ్డి అందుబాటులో ఉందని తేలింది. అప్పటికే ప్రభుత్వ పోర్టల్‌లో లెక్క తొంభై దాటిపోయింది.

అయినా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో అధ్యయనం. బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక పరిశోధక బృందం 2014లోనూ, మళ్లీ 2018లోనూ సర్వే చేసింది. బయటకి వెళ్లేవాళ్లు 70 శాతం నుంచి 44 శాతానికి తగ్గారు. ఇది పెద్ద మార్పే. కానీ ఇంట్లో మరుగుదొడ్డి ఉండి కూడా బయటకే వెళ్లేవాళ్లు అప్పుడూ 23 శాతమే, నాలుగేళ్ల తర్వాతా 23 శాతమే. అంటే తగ్గుదల వచ్చింది కొత్తగా కట్టడం వల్ల. అలవాటు మాత్రం అక్కడే ఉంది. గది ఉండి, తలుపు ఉండి, ఒక్కోచోట నీళ్లు కూడా ఉండి మనిషి బయటకెందుకు వెళ్తాడు? పొలం గాలి బాగుంటుందనీ, చిన్నప్పటి నుంచి అలవాటనీ చెప్తారు. అవి ఉన్న కారణాలే. వాటికింద ఇంకొకటి ఉంది. గుంత నిండిపోతే ఎవరు తోడాలి?

రెండు గుంతల లెక్క

గ్రామీణ స్వచ్ఛ భారత్‌లో ప్రభుత్వం ఎక్కువగా సిఫార్సు చేసింది రెండు గుంతల మరుగుదొడ్డిని. దీన్ని దేశంలో విస్తృతంగా జనంలోకి తీసుకెళ్లినవారు సులభ్ సంస్థ వ్యవస్థాపకుడు బిందేశ్వర్ పాఠక్. చాలా తెలివైన ఏర్పాటు ఇది. వివరంగా చూస్తే గానీ ఆ తెలివి కనబడదు.

గది వెనక మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు ఉన్న రెండు గుండ్రటి గుంతలు తవ్వుతారు. రెంటికీ మధ్య కనీసం మీటరు ఎడం ఉంచుతారు. లోపల ఇటుక కట్టుబడిలో మధ్యమధ్య ఖాళీలు వదులుతారు. అడుగున సిమెంటు వేయరు, మట్టి మట్టిగానే ఉంటుంది. బేసిన్ నుంచి వచ్చే గొట్టం ఒక చిన్న చాంబర్‌లోకి వచ్చి, అక్కడ రెండుగా చీలి రెండు గుంతల వైపూ వెళ్తుంది. అందులో ఒక దారికి ఇటుక అడ్డం పెట్టి మూసేస్తారు. వాడకం ఒక గుంతలోకే. నీళ్లు ఖాళీల్లోంచి మట్టిలోకి ఇంకిపోతాయి, గ్యాసుల్ని కూడా మట్టే పీల్చుకుంటుంది. అందుకే పైకి పొగగొట్టంలాంటి పైపు అక్కర్లేదు. బేసిన్ వాలు ఎక్కువగా ఉంటుంది గనక రెండు లీటర్ల నీళ్లు పోస్తే చాలు.

అయిదారుగురున్న ఇంట్లో ఒక గుంత నిండటానికి మూడేళ్లో, ఇంకా పైనో పడుతుంది. నిండాక చాంబర్ మూత తీసి ఇటుకని ఈ దారి నుంచి ఆ దారికి మారుస్తారు. పని అంతే. రెండో గుంత వాడకంలో ఉండగా మొదటిది మూతపడి ఉంటుంది. నీరు ఇంకిపోయి, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోయి, ఒకటిన్నర రెండేళ్లకి అందులో మిగిలేది నల్లటి పొడి మన్ను. వాసన ఉండదు, చేతికి అంటదు. రోగకారక క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. నులిపురుగుల గుడ్లు మొండివి గనక ఆ గడువు తగ్గించకూడదు. తర్వాత పారతో ఎత్తి పొలంలో వేసుకోవచ్చు. ట్యాంకర్ అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు, ఇంకొకరి చేత తోడించాల్సిన అగత్యం లేదు.

జనానికి ఇది నమ్మకం కలగాలనే 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ దగ్గరి గంగదేవిపల్లికి వచ్చారు. వేరే రాష్ట్రాల అధికారులు కూడా వచ్చారు. వాళ్లు స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తోడారు. ఒక ఐఏఎస్ అధికారి మరుగుదొడ్డి గుంతలో నిలబడటం ఈ దేశంలో చిన్న సంగతి కాదు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, మంచి పేరొచ్చింది. కానీ ఊళ్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీకి చెప్పే మాట మాత్రం మారలేదు. ‘గుంత పెద్దది తవ్వు, మన జన్మలో నిండకూడదు’ అనే అడుగుతారు.

ఆ మాట వెనక ఉన్నది కులం. మలాన్ని ముట్టుకునే పనిని ఈ సమాజం పాకీ పని అని పేరుపెట్టి కొన్ని కులాలకి అంటగట్టింది. తమ గుంతలో రెండేళ్లు మగ్గి మన్నయిపోయినదాన్ని తీయడం కూడా ఆ పనే అనుకుంటారు మిగిలిన కులాలవాళ్లు. దళితులేమో, తరతరాలుగా పడ్డ అవమానం చాలు, మళ్లీ ఆ పారని మేమెందుకు పట్టాలని అనుకుంటారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఇలా ఇద్దరూ పెద్ద గుంతే కోరుకుంటారు. పన్నెండు వేలకి పెద్ద గుంత రాదు. ఉన్నవాళ్లు సొంత డబ్బు కలిపి తవ్వించుకుంటారు. లేనివాళ్లు చిన్న గుంతతో సర్దుకుని, అది నిండిపోతుందన్న టెన్షన్‌తో పొదుపుగా వాడతారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, రాత్రిపూట అవసరమైనవాళ్లు వాడుకోవచ్చు, మగవాళ్లు మాత్రం బయటకే. ఆ 23 శాతం మారకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

రెండు గుంతల పద్ధతి అన్నిచోట్లా సరిపడదు కూడా. కోనసీమలాంటి డెల్టా ప్రాంతాల్లో నీరు పైపైనే తగులుతుంది. వానాకాలంలో గుంత అడుగు భూగర్భజలంలోనే ఉంటే ఇంకడం అన్న మాటే లేదు, మలినం నేరుగా పక్కింటి బోరులో కలుస్తుంది. అలాంటి చోట గుంతని నేల మట్టానికి పైకి లేపి కట్టాలి, బావికీ బోరుకీ దూరం పాటించాలి, లేదా వేరే పద్ధతికి పోవాలి. రాతినేలలోనూ, నీరు సరిగా ఇంకని నల్లరేగడిలోనూ ఇలాంటి జాగ్రత్తలే ఉన్నాయి. వంద గంటల్లో పదివేలు కట్టే ఉరుకులో ఏ ఇంటి నేల ఎలాంటిదో చూసేదెవరు? వేగానికి మనం కట్టిన మూల్యంలో ఇదొకటి.

సెప్టిక్ ట్యాంక్ అనుకునేవన్నీ సెప్టిక్ ట్యాంకులు కావు

మన ఊళ్లలో ఎక్కువమంది కట్టుకునేది సిమెంటు రింగులు ఒకదానిమీద ఒకటి దింపిన లోతైన ఒంటి గుంత. దాన్నే సెప్టిక్ ట్యాంక్ అనేస్తారు. నిజమైన సెప్టిక్ ట్యాంక్‌కి అడుగూ గోడలూ నీరు కారనివిగా ఉండాలి, లోపల అడ్డగోడతో రెండు గదులుండాలి. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యలోని నీరు బయటకి వస్తుంది. ఆ నీరు తేటగా కనిపించినా అందులో క్రిములు నిండుగా ఉంటాయి. అందుకే దాన్ని ఇంకుడుగుంతలోకి వదలాలి. అడుగు మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి.

ఎన్ని ఇళ్లలో ఇలా ఉంది? ట్యాంకు నుంచి వచ్చే పైపు నేరుగా వీధి సైడు కాలువలో పడటం తెలుగు పట్టణాల్లో ఏ వీధిలో చూసినా కనిపిస్తుంది. ఆ కాలువ చెరువులోకో వాగులోకో పోతుంది. మనిషి పొలంలోకి వెళ్లడం మానేశాడు, మలం మాత్రం కాలువ దారిన ఊరి చెరువుకి చేరుతూనే ఉంది. నిజానికి 2015లో కేంద్రం బహిరంగ మలవిసర్జన రహితం అంటే ఏమిటో నిర్వచించినప్పుడు రెండు షరతులు పెట్టింది. ఊళ్లో మలం ఎక్కడా కంటికి కనిపించకూడదన్నది మొదటిది. ప్రతి ఇల్లూ, ప్రతి సంస్థా మట్టినీ నీటినీ కలుషితం చేయని, ఈగలు వాలని, పచ్చి మలాన్ని చేత్తో తాకాల్సిన అవసరం రాని పద్ధతిలో దాన్ని వదిలించుకోవాలన్నది రెండోది. బహిరంగ మలవిసర్జన రహితమని బోర్డులు కట్టిన ఊళ్లలో మొదటి షరతుని తనిఖీ చేశారు. రెండోది భూమి కింద ఉంటుంది, ఫొటోకి అందదు.

నగరాల పరిస్థితి ఇంకా దారుణం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలో పట్టణాలనుంచి రోజుకి 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వస్తోంది. అందులో శుద్ధి అవుతున్నది 20 వేల చిల్లర. మిగిలినదంతా నదుల్లోకీ చెరువుల్లోకీ నేలలోకీ పోతోంది.

నిండిన ట్యాంకు తీయించడానికి ఫోన్ చేస్తే ట్యాంకర్ వస్తుంది, పైపు వేసి గంటలో తోడేసుకుని వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళ్తుందని ఇంటివాళ్లు అడగరు. ఊరి చివర ఏ వాగు పక్కనో, బీడులోనో, చీకటిపడ్డాక వాల్వు తిప్పేస్తారు. డ్రైవర్ని తిట్టి లాభం లేదు. ఎక్కడ పోయాలో అతనికి ఎవరూ చోటు చూపించకపోతే, చూపించినా అది ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే, డీజిల్ ఖర్చు ఎవరిస్తారు? ఈ చిక్కుముడిని ముందుగా విప్పబోయిన నగరాల్లో వరంగల్ ఒకటి. 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకి నిబంధనలు పెట్టింది, ట్యాంకర్లకి లైసెన్సులు ఇచ్చింది, తర్వాత శుద్ధి కేంద్రం కట్టుకుంది. బెంగళూరు దగ్గరి దేవనహళ్లి కూడా అప్పుడే ఈ పనిలోకి దిగింది. 2017లో జాతీయ విధానం వచ్చింది. ఒడిశా తన పట్టణాలన్నింటికీ ఇలాంటి కేంద్రాలు కట్టే పని పెట్టుకుంది. కటక్‌లో ఆ కేంద్రాన్ని నడిపే బాధ్యత ట్రాన్స్‌జెండర్ మహిళల స్వయం సహాయక బృందానికి అప్పగించింది. ఇవేమీ పెద్ద పెద్ద యంత్రాలు కావు. మడ్డిని ఇసుక పరుపుల మీద ఆరబెట్టి, నీటిని మొక్కల మడుల గుండా పంపి శుద్ధి చేసే పద్ధతులు చిన్న పట్టణాలకి సరిపోతాయి, కరెంటు ఖర్చూ తక్కువే.

ట్యాంకర్ పైపుకి అందని మడ్డి గట్టిపడితే మనిషిని దింపుతారు. దీన్ని మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మూసిన ట్యాంకులో గాలి ఉండదు. మీథేన్ చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. ఈ రెండోది కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది, పర్లేదని దిగిన మనిషి రెండు మూడు గాలి పీల్పులతో కూలిపోతాడు. అతన్ని కాపాడబోయిన రెండో మనిషీ అక్కడే పడిపోతాడు. ఒకే ట్యాంకులో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కలిసి చనిపోయిన వార్తలు అందుకే వస్తుంటాయి.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లోనే చట్టం నిషేధించింది. 2013లో వచ్చిన చట్టం రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకీ మురుగుకాల్వల్లోకీ దింపడాన్ని కూడా నేరం చేసింది. సుప్రీంకోర్టు 2014లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకి పెంచింది. కోలార్ బంగారు గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని మాన్పించడానికే జీవితం ధారపోశారు, 2016లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అయినా మనుషులు దిగుతూనే ఉన్నారు. కోట్ల కొద్దీ గుంతలు తవ్వించిన పథకం వాటిని ఎవరు ఖాళీ చేస్తారో మొదటి రోజే ఆలోచించి ఉండాల్సింది. దేశాన్ని శుభ్రం చేసే పనిలో ఇంకా ఆ కులాలవాళ్లే ప్రాణాలు పోగొట్టుకుంటుంటే ఆ శుభ్రత ఎవరిది?

ప్రచారం పేరుతో జరిగిన బలవంతాన్ని కూడా మరిచిపోకూడదు. తెల్లవారుజామున ఈలలు ఊదుతూ తరమడం, చెంబులు లాక్కోవడం, రేషన్ ఆపుతామని బెదిరించడం చాలాచోట్ల జరిగాయి. 2019 సెప్టెంబర్‌లో, సబర్మతి ప్రకటనకి వారం ముందు, మధ్యప్రదేశ్ శివపురి జిల్లా భావ్‌ఖేడీలో బయట మలవిసర్జనకి కూర్చున్నారని ఇద్దరు దళిత పిల్లల్ని కొట్టి చంపారు. లేనివాణ్ణి సిగ్గుపడేలా చేస్తే మారతాడన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో ఇంతకంటే చెప్పాలా?

ఆరోగ్యం బాగుపడిందా?

మరుగుదొడ్లు కట్టేది విరేచనాలు, నులిపురుగులు, పిల్లల ఎదుగుదల లోపం తగ్గాలని. ఒడిశాలో వంద ఊళ్లలో జరిపిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. అప్పటికి స్వచ్ఛ భారత్ లేదు, పాత పథకమే. ఎంపిక చేసిన ఊళ్లలో మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా విరేచనాల్లోగానీ, నులిపురుగుల్లోగానీ, పిల్లల ఎదుగుదలలోగానీ తేడా కనిపించలేదు. కొందరు బయటకి వెళ్తూనే ఉంటే, ఆ మలం నీటిలోకి చేరుతూనే ఉంటే, మరుగుదొడ్డి ఉన్న ఇంటి పిల్లలకీ రక్షణ ఉండదు. ఊరంతా మారితేనే ఊళ్లో ఎవరికైనా లాభం. 2024లో వచ్చిన ఒక అధ్యయనం స్వచ్ఛ భారత్ వల్ల ఏటా 60 వేల నుంచి 70 వేల శిశుమరణాలు తప్పి ఉండొచ్చని అంచనా వేసింది. జిల్లాల లెక్కలు పోల్చి చూసిన అంచనా గనక దాన్ని తుది తీర్పుగా తీసుకోలేం. అయినా ఒడిశా ప్రయోగంతో కలిపి చదివితే దారి అర్థమవుతుంది. జిల్లా మొత్తం ఒక మోతాదు దాటి మారినచోట ఫలితం ఉంది, సగంలో ఆగినచోట లేదు. ఇక నీళ్ల సంగతి సరేసరి. 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ మొదలయ్యేనాటికి కుళాయి కనెక్షన్ ఉన్న గ్రామీణ ఇళ్లు 17 శాతమే. బిందె మోసుకొచ్చిన నీళ్లని మరుగుదొడ్లో పోయమంటే ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది?

కేంద్రానికి ఈ లోటు తెలియక కాదు. 2020లో ఆమోదించిన స్వచ్ఛ భారత్ రెండో దశ లక్ష్యమే ఓడీఎఫ్ ప్లస్, అంటే బహిరంగ మలవిసర్జన రహితం కావడంతో ఆగకుండా ఇంకా ముందుకు పోవడం. దానికి 1,40,881 కోట్ల ఖర్చు అంచనా వేశారు. చెత్త, మురుగునీరు, మలవ్యర్థాల నిర్వహణ అన్నీ అందులో చేర్చారు. ఒంటి గుంతలున్న ఇళ్లకి రెండో గుంత జోడించమనీ, కాలువలోకి వదిలిన సెప్టిక్ ట్యాంకులకి ఇంకుడుగుంత కట్టమనీ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఈ పనులకి రిబ్బన్ కట్ చేసే సభలు ఉండవు గనక ఎవరూ అడగరు, ఎవరూ చూపించరు.

డబ్బు లేదన్న జవాబు మాత్రం ఇక్కడ చెల్లదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకి ఇచ్చే గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని కట్టేసింది, చెరి సగం. గ్రామసభలో ఏ పౌరుడైనా లేచి ఆ పారిశుద్ధ్య వాటా ఎక్కడ ఖర్చయిందో అడగొచ్చు. మండలంలో అయిదారు పంచాయతీలు కలిసి ఒక ట్యాంకర్ పెట్టుకుని, దగ్గరి పట్టణంలోని శుద్ధి కేంద్రంతో ఒప్పందం చేసుకోవచ్చు. మడ్డిని ఇంటి నుంచి తీసుకున్నప్పుడు సగం, కేంద్రంలో పోసి రసీదు తెచ్చాక మిగతా సగం చెల్లిస్తే వాగు దగ్గర వాల్వు తిరగదు. ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీని అడగాల్సినవి మూడు: అడుగున నీరెక్కడ తగులుతుంది, బోరుకి ఎంత దూరం, పైపు చివర ఎక్కడ తేలుతుంది. పట్టణంలో ట్యాంకు తీయించే పని పడితే లైసెన్సున్న ట్యాంకర్‌నే పిలవండి. చాలా నగరాల్లో దీనికి 14420 హెల్ప్‌లైన్ ఉంది. వచ్చినవాళ్లు మనిషిని దింపుతామంటే అక్కడికక్కడే ఆపండి.